చారాణ నమ్మకం

నిర్మల్‌లో మా సార్ జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెట్టారు. పాస్టరు గారు ఆ మధ్యే బదిలీ మీద వచ్చినవారు, మా సార్‌ని పెద్దగా ఎరగరు. పాపం ఎవరు రాసిచ్చారో గానీ, "మన సహోదరుడు అందరినీ సంపూర్ణంగా నమ్మిన మనిషి" అన్నారు. వెనక వరుసలో ఆయన కింద పనిచేసిన మేమంతా కూర్చున్నాం. అందరం ఒక్కసారే తలలు దించుకున్నాం. టైపిస్టు సుగుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చూసినవాళ్లు దుఃఖం ఆపుకోలేకపోతున్నామని అనుకుని ఉంటారు. మేం ఆపుకుంటున్నది నవ్వు.

ఆయన ఎవరినీ సంపూర్ణంగా నమ్మలేదు. నమ్మకాన్ని అణాల్లో కొలిచేవారు. రూపాయికి పదహారణాలు. చారాణ అంటే నాలుగు అణాలు, ఆఠాణ అంటే ఎనిమిది, బారాణ అంటే పన్నెండు. ఎవరైనా వచ్చి ఏదైనా చెబితే, విని, తల ఊపి, వాళ్లు వెళ్లాక మాతో "చారాణ" అనేవారు. అంటే ఆ మాటలో నాలుగో వంతు వింటే చాలు. రేడియోలో వాన కబురుకు చారాణ. మా ఆఫీసు గడియారానికి ఆఠాణ. బారాణ దాటినవాళ్లను నేను చూడలేదు. కూడిక అయ్యాక సార్ వాళ్లింటావిడ మా దగ్గరికి వచ్చి, కళ్లు తుడుచుకుంటూనే, "ఇన్నేండ్ల కాపురంల నాకు సుత బారాణ దాటియ్యలే" అంది. అప్పుడు ఇక ఎవరూ ఆపుకోలేకపోయాం.

కొందరికి ఉల్టా అణాలు కూడా ఉండేవి. అంటే వాళ్లు చెప్పినదానికి తలకిందులుగా నమ్మాలి. ఉల్టా బారాణ దక్కిన మహానుభావుడు మా కాంట్రాక్టరు. ఊళ్లో భూములున్న ఇంటివాడు, అందరూ పటేల్ అని పిలిచేవారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు సార్ నేర్పిన మొదటి పాఠం ఆయన గురించే.

"సూడు బిడ్డా, పటేల్ కంకర మంచిదే అంటే పోయి కంకర సూడు. ఇసుక జర తక్కువ పడ్డది సార్ అని తనంతట తనే ఒప్పుకుండనుకో, నిజం చెప్తుండనుకునేవు. సిమెంట్ పడలేదని ఎరుక."

నిర్మల్ నుంచి ఉట్నూరు వెళ్లే దారిలో ఒక చిన్న ఊళ్లో ఉండేది మా ఆఫీసు. ఏ శాఖో చెప్పను, ఇప్పటికీ పింఛను ఇస్తోంది. సార్ అక్కడ డిప్యూటీ ఇంజనీరు, నేను ఆయన కింద అసిస్టెంట్ ఇంజనీరును. ఆయన పుట్టింది మరాఠీ మాట వినబడే వైపు కాబట్టి ఏ ఫైలు తెరిచినా "కాయ్ ఝాలా?" అని ఫైలునే అడిగేవారు. ఏమైంది నీకు అని. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు పైకప్పు చూసేవారు. పెళ్లికి వెళ్తే మొదట దూలాలు, తర్వాతే పెళ్లికూతురు. గోడకు పగులు కనిపిస్తే జేబులోంచి పావలా బిళ్ల తీసి దూర్చి చూసేవారు. భోజనానికి పిలిచినవాళ్ల ఇంట్లో కూడా ఇదే పని. ఇంటావిడ వడ్డిస్తూ ఉంటే ఈయన గోడకు పావలా పెడుతూ ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

పటేల్ కట్టిన కమ్యూనిటీ హాలు ప్రారంభానికి సార్ గొడుగు పట్టుకుని వచ్చారు. వేసవి మధ్యాహ్నం. వేదిక మీద పెద్దమనుషుల మధ్య కుర్చీలో కూర్చుని నింపాదిగా గొడుగు విప్పి తల మీద పట్టుకున్నారు. జనం నవ్వడం మొదలుపెట్టారు. పటేల్ వంగి చెవిలో, "గిదేంది సార్, లోపట ఛత్రి ఎందుకు?" అన్నాడు.

సార్ మైకు దగ్గరుందన్న సంగతి మరచిపోయారో, గుర్తుంచుకున్నారో మరి. "వచ్చుడు నీ మీది ఇజ్జత్ తోని వచ్చిన పటేలా. ఛత్రి నీ స్లాబు మీది నమ్మకం తోని తెచ్చిన" అన్నారు. ఆ వానాకాలం హాలు కురిసింది కూడా. పటేల్ ఆ గొడుగును మరచిపోలేదు.

ఇంత అనుమానపు మనిషి యాభయ్యో పడిలో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టారు. విషయం న్యూరల్ నెట్‌వర్క్‌లు. మెదడులో నరాలు అల్లుకున్నట్టు కంప్యూటర్లో లెక్కలను ఒకదానికొకటి అల్లి, దానికి పాత భవనాల సంగతులు చూపించి, ఏది నిలబడింది, ఏది కూలింది చెబుతూ పోతే, కొత్త భవనం గతేమిటో అదే అంచనా కడుతుందట. నాకు అర్థం కాలేదంటే ఇట్లా చెప్పారు. "సూత్రం ఎవ్వలు నేర్పిన్రు బిడ్డా మీ అత్తకు? నువ్వు వంటింట్ల గిన్నె దించిన సప్పుడు పట్టి కూర మాడిందని పట్టసాలల కూసొని చెప్తది. వంద కూరలు మాడినంక అచ్చిన తెలివి. గదే గిది." ఉదాహరణ నాకు నచ్చలేదు గానీ అర్థమైంది.

కంప్యూటర్ లేదు. ఆయన మేనల్లుడు దుబాయిలో డ్రైవరు. సెలవుకు వస్తూ ఒకటి కొని మోసుకొచ్చాడు. దిగిన చోట కస్టమ్స్ అధికారి ముందు డబ్బాలు విప్పితే, చట్టంలో బంగారం ఉంది, గడియారం ఉంది, టేప్‌రికార్డర్ ఉంది, ఈ వస్తువుకు తగిన మాట మాత్రం తేలలేదట. ఇదేమిటని అడిగితే మేనల్లుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. "ముంగట ఉన్నది టీవీ సార్. కింద టైపు మిషన్. నడుమ డబ్బ ఏందో నాకు తెల్వది." అధికారి కూడా ఉన్నదున్నట్టే రాశాడు. టీవీకి ఒక సుంకం, టైపు మిషనుకు ఒక సుంకం, తెలియని డబ్బాకు అన్నిటికంటే పెద్ద సుంకం. మూడూ కలిపితే కొన్న ధర దాటింది. మేనల్లుడు డబ్బాలు అక్కడే వదిలి, మామ కోసం ఒక దుప్పటి మాత్రం తెచ్చాడు.

సార్ కోపం తెచ్చుకోలేదు. ఆయనకు ఆ అధికారి మీద కూడా జాలే. సుగుణమ్మను పిలిచి ఢిల్లీకి ఒక ఉత్తరం చెప్పి టైపు చేయించారు. కస్టమ్స్ అధికారి రోజూ వందల పెట్టెలు చూసి నేర్చుకుంటున్నాడు గానీ, ఆయన చేతిలోని చట్టం ఏమీ నేర్చుకోవడం లేదు, కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా చట్టానికి కూడా చూపించి సరిదిద్దాలి, లేకపోతే వ్యాపారం నడవదు అని సారాంశం. ఉత్తరం వెళ్లాక మాతో అన్నారు, "ఒక్కసారి రాసి ముసుగు తన్ని పండుకుంటే చట్టం నడుస్తదా? దాన్ని సుత లేపుతుండాలె." కొన్నేళ్లకు సుంకాలు తగ్గి, కంప్యూటర్లు మామూలు సరుకులా రావడం మొదలయ్యాక, అదంతా తన ఉత్తరం చలవే అని చెప్పుకునేవారు. "ఢిల్లీ సుత నా మాట చారాణ నమ్మింది" అని మీసం దువ్వేవారు. ఆ మాటకు మేం ఎన్ని అణాలు వేశామో ఆయనకు చెప్పలేదు.

అది తర్వాతి సంగతి. అప్పటికి మాత్రం డబ్బా రాలేదు. "డబ్బ రాకుంటే ఏంది, మనుషులం లేమా?" అన్నారు సార్. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసు వరండాలో కుర్చీలు మూడు వరుసలుగా వేయించారు. మమ్మల్నే న్యూరల్ నెట్‌వర్క్‌గా కూర్చోబెట్టారు.

ఆట ఇది. ముందు వరుసలో అటెండరు ఎల్లయ్య, డ్రైవరు, గుమాస్తా. సార్ ఒక పాత భవనం సంగతులు వాళ్ల చెవిలో చెబుతారు. ఒకరికి పగుళ్లు, ఒకరికి ఇసుక, ఒకరికి కట్టినవాడి పేరు. వాళ్లు మధ్య వరుసకు చెబుతారు. మధ్య వరుసలో నేనూ, వర్క్ ఇన్‌స్పెక్టర్ లతీఫ్ సాబ్. మేం ఒక్కొక్కరి మాట ఇన్ని అణాలు నమ్మి, మా అంచనా ఆఖరి కుర్చీలోని సుగుణమ్మకు చెబుతాం. సుగుణమ్మ మా ఇద్దరినీ తన అణాల ప్రకారం నమ్మి, ఆ భవనం కూలుతుందో నిలుస్తుందో గట్టిగా ప్రకటిస్తుంది. అప్పుడు సార్ నిజంగా ఏం జరిగిందో చెబుతారు.

తప్పయితే తిట్లు. ఆటలో అసలు రుచి అక్కడే ఉంది. తిట్లు వెనక నుంచి ముందుకు వెళ్లాలి. సుగుణమ్మ నన్ను తిడుతుంది, నేను ఎల్లయ్యను తిడతాను. ఎవరిని ఎంత నమ్మి మోసపోయామో అంతే తిట్టాలి, తిట్టినంత అణాలు కోయాలి. "తిట్టు మనిషికి గాదు, మాటకు" అని సార్ మధ్యలో తిరుగుతూ హెచ్చరించేవారు. సుగుణమ్మకు ఆ తేడా తెలిసేది కాదు. నన్ను తిట్టడానికి ఆమె అంతకు ముందు నుంచే కారణాలు వెతుక్కుంటోందని నా అనుమానం. "మన డిపార్ట్‌మెంటు మొత్తం గిదే మిషన్ బిడ్డా. పైనుంచి కిందికి తిట్లు మంచిగనే వస్తున్నయి. అణాలే ఎవ్వడు సరిజేస్తలేడు" అనేవారు సార్.

ఒక్క లతీఫ్ సాబ్‌కు మాత్రం తిట్లు పడేవి కావు. నెరిసిన గడ్డం, మెత్తని మాట. సుగుణమ్మను బేటీ అని పిలిచేవాడు, రంజాన్‌కు ఆమె ఇంటికి షీర్ ఖుర్మా మొదటి గిన్నె పంపేవాడు. కుర్రతనంలో ఆయన కళ్లెదుట ఒక స్లాబు కూలిందట. అప్పటినుంచీ ఏ భవనం చూపినా ఒకటే మాట. "కూలుతది సాబ్." నిలబడి ఉన్న భవనాలను కూడా ఆయన రోజూ కూల్చేస్తున్నా, సుగుణమ్మ "పోనియ్యుండ్రి సాబ్, గీసారికి" అని ఊరుకునేది. ఆయన మాటకు ఆమె వేసిన బారాణ ఒక్క అణా కూడా తగ్గకుండా ఉండిపోయింది.

జూన్‌లో ఒక కబురు వచ్చింది. లోపలి అడవి ఊరిలో ఆడపిల్లల హాస్టల్ ఉంది, స్లాబు మీద పగుళ్లు వచ్చాయట. కట్టింది పటేలే. సార్, నేను జీపులో వెళ్లి చూశాం. పగుళ్లు నాకు పైపూతలోవే అనిపించాయి. సార్ పావలా పెట్టి చూశారు. కొన్నిచోట్ల దూరింది, కొన్నిచోట్ల దూరలేదు. తిరిగి వచ్చి వరండాలో కుర్చీలు వేయించారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. సుగుణమ్మ నిలుస్తుందన్న నా మాటా, కూలుతుందన్న లతీఫ్ సాబ్ మాటా విని, "కూలుతది సార్" అంది.

సార్ మర్నాడే హాస్టల్ ఖాళీ చేయించారు. పిల్లలను ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచకపోతే, "మన ఆఫీసు లేదా?" అన్నారు. ట్రంకు పెట్టెలతో పిల్లలు దిగారు. డ్రాయింగు బల్లల మీద లంగాలు ఆరేవి. ఫైళ్లన్నీ కొబ్బరినూనె వాసన. సార్ గది నాలుగో తరగతి, నా గది వంట సరుకులకు. మేం వరండాలో టార్పాలిన్ కింద. వారం తిరగకముందే పిల్లలకు అణాల ఆట పట్టుబడింది. ఒక గోండు పిల్ల వార్డెనమ్మ ఎదుటే, "అమ్మ దెబ్బలకు ఆఠాణ, అమ్మ పప్పుకు చారాణ" అని లెక్క చెప్పేసింది. సార్ విననట్టు గోడవైపు తిరిగి నవ్వుకున్నారు.

పటేల్ ఊరుకోలేదు. పాత కక్షతో తన పేరు చెడగొట్టడానికి సార్ మంచి భవనం మూయించాడని పైకి ఫిర్యాదు చేశాడు. అది సార్‌కు ప్రమోషన్ రావలసిన ఏడు. రిటైరయ్యేలోపు అదే ఆఖరి అవకాశం. పై అధికారి, మేం పెద్దసార్ అనేవాళ్లం, జీపు దిగకుండానే విషయం తేల్చారు.

"వానాకాలం దాంక సూస్త. స్లాబు కూలిందా, నీ ప్రమోషన్ కాయితం నేనే పంపుత. కూలలేదా, కక్షతోని చేసినవని రాయాలె. నా చేతుల ఏం లేదు."

సార్ "అట్లనే సార్" అన్నారు.

ఇక మా పరిస్థితి చూడాలి. భవనాలు నిలబెట్టడానికి జీతం తీసుకునే ఆఫీసు మొత్తం ఒక భవనం ఎప్పుడు కూలుతుందా అని ఆకాశం వైపు చూడసాగింది. మబ్బు పడితే ఎల్లయ్య ముఖం విప్పారేది. రాత్రి గట్టిగా కురిస్తే పొద్దున్నే డ్రైవరు అటు వెళ్లొచ్చి, నీరసంగా "ఉన్నది" అనేవాడు. లతీఫ్ సాబ్ జీవితంలో మొదటిసారి తన మాట నిజం కావాలని నమాజులో అడుగుతున్నానని నాతో చెప్పాడు. నేను కూడా కోరుకున్నాను. ఖాళీ భవనం, కూలితే ఎవరికి నష్టం? మా సార్‌కు లాభం.

ఎల్లయ్య ఇంకో అడుగు వేశాడు. స్లాబు కూలితే వేములవాడ రాజన్నకు కోడె కట్టిస్తానని మొక్కాడు. కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, స్వామి ముందు కట్టేసే మొక్కు అది. పిల్లలు పుట్టాలని, జబ్బు నయం కావాలని జనం మొక్కుతారు. స్లాబు కూలాలని మొక్కినవాడు మా ఎల్లయ్య ఒక్కడే అయి ఉంటాడు. సంగతి సుగుణమ్మకు చెప్పాడు, అంటే అందరికీ చెప్పినట్టే.

సార్‌కు తెలిసింది. ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎల్లయ్యను పిలిచారు. గదిలో పిల్లలుంటే బయటికి పంపించారు.

"ఏమని మొక్కినవ్ ర?"

"మీ మంచికే సార్" అన్నాడు ఎల్లయ్య.

"నా మంచికా? కూలుతదని భయపడి మూయించిన గానీ, కూలాలని గాదుర. గది కూలితే గీ పిల్లలు ఏడికి పోవాలె? మల్ల కట్టేదాంక ఎన్నేండ్లు? సగం మంది ఇండ్లకు పోతరు, పోయినోళ్లు మల్ల రారు. చదువు బంద్. గది నిలవడితే నాది ఒక్క కాయితం పోతది." గొంతు తగ్గించారు. "మొక్కు మార్చుకో. నిలవడాలని మొక్కు. కోడె ఖర్చు నాది."

"ఒకసారి మొక్కినంక మారుస్తరా సార్? రాజన్నకు కోపమొస్తది."

"ఉల్టా అయిందని చెప్పు. ఆయినకు సమజైతది. నేను సుత వస్త."

మెథడిస్టు చర్చిలో సంఘ పెద్దగా ఉన్న మనిషి ఈ మాట అనడం విని ఎల్లయ్య నోరు తెరిచాడు. మొక్కు మార్చుకున్నాడు.

వానలు వెళ్లాయి. స్లాబు ఉంది. సార్ తనే పెద్దసార్‌కు రాసి, బరువు పరీక్ష పెట్టించారు. స్లాబు మీద ఇసుక బస్తాలు పేర్చి, ఒక రోజంతా ఉంచి, ఎంత వంగిందో, దించాక ఎంత లేచిందో చూస్తారు. బస్తాలు దించారు. స్లాబు మళ్లీ తిన్నగా లేచింది, ఏ లోపమూ లేదు. మేమంతా శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాం. సార్ మాత్రం పెళ్లికొడుకు తండ్రిలా అందరికీ పేడాలు పంచారు. నాకు ఒళ్లు మండిపోయింది. తినకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఆయన లెక్క తప్పెక్కడ జరిగిందో పట్టుకున్నారు. ఎన్నిసార్లు తప్పినా ఎవరూ కోయని లతీఫ్ సాబ్ బారాణ. "మిషన్ అయితే గడ్డం సూసి ఖాతర్ చెయ్యకపోవు. మనం మర్యాదస్తులమైతిమి" అని పగలబడి నవ్వారు. లతీఫ్ సాబ్ తల దించుకుంటే ఆయన భుజం తట్టి, "మీది తప్పు లేదు సాబ్. పటేల్ పేరుకు నేనే ఎక్కువ ఉల్టా పెట్టిన" అన్నారు.

పరీక్ష చూడడానికి పటేల్ కూడా వచ్చాడు. సార్ నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, "పటేలా, తప్పు నాదే. గీ భవనం మంచిగ కట్టినవ్" అన్నారు. గెలిచినవాడు ఆ మాట ఊహించలేదు. కంగారులో నిజం చెప్పేశాడు.

"గిది నేను కట్టలే సార్. గప్పుడు మలేరియా తోని మూడు నెలలు మంచానవడ్డ. మా బామ్మర్ది కట్టిపిచ్చిండు. వానికి పని తెల్వది, సిమెంట్ రాసినంత పోసిండు."

సార్ ఆయన చేయి పట్టుకుని, "నీ ఆరోగ్యం జర జాగ్రత్త పటేలా" అన్నారు. ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నారో పటేల్‌కు అర్థమయ్యేసరికి మా జీపు రోడ్డెక్కింది.

పెద్దసార్ అన్నట్టే రాశారు. ప్రమోషన్ వేరేవాళ్లకు వెళ్లింది. పిల్లలు ట్రంకు పెట్టెలు సర్దుకుని హాస్టల్‌కు వెళ్లిపోయారు. ఆఫీసు మళ్లీ ఆఫీసు అయింది, ఆ నిశ్శబ్దం నాకు సహించలేదు. సార్ ముందు అంటే తిడతారని, ఇంటికి వెళ్లి ఏడ్చాను.

తర్వాతి సోమవారం వేములవాడ వెళ్లాం. సార్, ఎల్లయ్య, నేను. జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. సార్ చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, కోడె టికెట్ల కిటికీ ముందు లైనులో ఎల్లయ్య వెనక నిలబడ్డారు. మా వంతు వచ్చింది.

"ఎవరి పేరు మీద?" అన్నాడు కిటికీలోని గుమాస్తా.

ఎల్లయ్య సార్ వైపు చూశాడు. సార్ ముందుకు వంగి, "స్లాబు పేరు మీద రాయి" అన్నారు.

"గట్ల రాయరాదు. మనుషుల పేరు చెప్పుండ్రి."

"అయితే రాసుకో" అని సార్ మొదలుపెట్టారు. "జంగుబాయి. రాజుబాయి. భీంబాయి. పెద్ద లక్ష్మి. నడిపి లక్ష్మి..."

గుమాస్తా రెండు పేర్లు రాసి, మూడో పేరు దగ్గర తల ఎత్తాడు. సార్ ఆగలేదు. చేతిలో కాగితం లేదు. ఆఫీసు గదుల్లో ఎవరు ఎక్కడ పడుకునేవారో అదే వరసలో, ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోతున్నారు. మా వెనక లైను గొణగడం మొదలుపెట్టింది. ఒకాయన, "ఏందిది, ఊరంత మొక్కిందా?" అన్నాడు. ఎల్లయ్య భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు, నేను కిటికీ ఊచలు పట్టుకుని అటు తిరిగాను.

గుమాస్తా కలం ఎప్పుడో కింద పెట్టేశాడు. "ఇంకెంతమంది సార్?" అన్నాడు, ఈసారి మెల్లగా.

"జర ఆగు తమ్మీ" అన్నారు సార్. "చిన్న పిల్లలు ఇంక మిగిలిన్రు."